మా సంఘం క్షమాపణ అడిగిన నలభై రోజులు: నా అనుభవం

మాది ఒంగోలుకి 27 కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. బాప్టిస్టు క్రైస్తవ సంఘం. నేను హైస్కూల్లో లెక్కల మాస్టారిని, 2011 నుంచి సంఘానికి సెక్రటరీని. 2025 శ్రమకాలంలో, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస ప్రార్థనల రోజుల్లో, మా గుళ్లో జరిగింది విని పక్క ఊళ్ల నుంచి నలుగురైదుగురు ఫోన్ చేశారు. "మీ దగ్గర ఉజ్జీవం వచ్చిందంట కదా మాస్టారూ, ఎవర్ని పిలిచారు? ఎంతయింది?" అని. ఎవర్నీ పిలవలేదు. ఎంతయిందో కింద రాస్తాను. ఉజ్జీవం, అంటే సంఘంలో భక్తి మళ్లీ రగలడం, ఆ మాట వాడటానికి నాకింకా బెరుగ్గానే ఉంది. జరిగింది జరిగినట్టు చెప్తాను, నా తప్పుతో సహా.

జనవరి 19, ఆదివారం. ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. ఒకప్పుడు 180 మంది వచ్చే ఆరాధనకి ఇప్పుడు 70 మంది వస్తే గొప్ప. కుర్రాళ్లంతా హైవే మీద రేకుల షెడ్డులో పెట్టిన కొత్త మందిరానికి పోతున్నారు. అక్కడ డ్రమ్సున్నాయి, ఏసీ పెడతారని కూడా అంటున్నారు. అందుకని మూడు రాత్రులు ఉజ్జీవ సభలు పెట్టాలని అజెండా. షామియానా, సౌండ్ బాక్సులు, బయటి ప్రసంగీకుడు, ఆయన కానుక, ఆయనతో వచ్చే పాటల వాళ్లు, భోజనాలు, పోస్టర్లు. నేనే లెక్క కట్టాను, 1,10,000 తేలింది.

పాస్టరుగారు మా ఊరికొచ్చి అప్పటికి ఏడు నెలలే. మాట మెత్తన. "ఆయనొచ్చి మూడు రోజులు మనల్ని ఏడిపించి వెళ్తారు. నాలుగో రోజు షామియానా వాళ్లు గుంజలు పీక్కుపోతారు. ఈసారి డబ్బులు పెట్టకుండా మనమే ఏడుద్దామండీ" అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. శ్రమకాలం నలభై రోజులూ రోజూ సాయంత్రం కూడుకోవడం, శుక్రవారాలు ఉపవాసం, వాక్యం ఆయనే చెప్పడం, అంతే. సరే అనుకున్నాం. లేస్తుంటే నావైపు తిరిగి, "సెక్రటరీగారూ, పాత మినిట్స్ బుక్కులు ఒకసారి ఇస్తారా, చదువుకుంటాను" అన్నారు.

కమిటీ తీర్మానాలన్నీ రాసి ఉంచే పుస్తకాలవి. నా గుండెల్లో రాయి పడింది. "బీరువా తాళం వెతకాలండీ" అన్నాను. తాళం నా జేబులోనే ఉంది.

మార్చి 5, బుధవారం, రాత్రి 7 గంటలకి మొదటి కూడిక. మాకు బూడిద పెట్టుకునే అలవాటు లేదు, ఆ రోజు నుదుటి మీద బూడిద పెట్టుకోవడం ముఖ్యంగా కేథలిక్కులకి ఉంటుంది. వచ్చింది 23 మంది, అందులో ఆరుగురు పాస్టరుగారి ఇంటివాళ్లూ మా ఇంటివాళ్లూ. బైబిల్లో యోవేలు ప్రవక్త గ్రంథం రెండో అధ్యాయం చదివారు. "మీ వస్త్రములనుకాక మీ హృదయములను చింపుకొని" అనేది మాకందరికీ నోటికొచ్చిన వాక్యమే. ఆయన దాని మీద ఆగలేదు, కిందికెళ్లారు. ప్రవక్త ముసలివాళ్లని పిలవమన్నాడు, పాలు తాగే పిల్లల్ని పిలవమన్నాడు, పెళ్లికొడుకుని గదిలోంచి బయటికి రమ్మన్నాడు, ఎవరికీ మినహాయింపు లేదు. కానీ మంటపానికీ బలిపీఠానికీ మధ్య నిలబడి ఏడవాల్సింది ఎవరు? యాజకులు. అలా అని జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టారు. "సంఘం నాకు గృహ దర్శనాలకని నెలకి పెట్రోలు డబ్బులిస్తోంది. రెండు నెలలు మోకాలి నొప్పి వల్ల ఎవరింటికీ వెళ్లలేదు. డబ్బులు మాత్రం తీసుకున్నాను. 1,800. ఇది నేను దొంగతనం చేసిన డబ్బు" అన్నారు.

ఏమనాలో ఎవరికీ తెలియలేదు. మామూలుగా ఎవరైనా సాక్ష్యం చెబితే "ఆమెన్" అంటాం. దీనికి ఆమెన్ అనాలా? పాస్టరమ్మగారు తలొంచుకుని చీర కొంగు మడతలు పెడుతూ కూర్చున్నారు. ఆమెకి ముందే తెలుసో లేదో నాకు అర్థం కాలేదు.

ఉపవాసాల సంగతి త్వరగా చెప్పేస్తాను. మొదటి శుక్రవారం నాకు పన్నెండింటికే తలనొప్పి మొదలైంది, ఆకలికి కాదు, కాఫీకి. షుగర్ ఉన్నవాళ్లు ఉండొద్దని పాస్టరుగారు గట్టిగానే చెప్పారు. అయినా మా డీకన్ (సంఘ పరిచారకుడు) ఒకాయన మొండికేసి రెండో శుక్రవారం కళ్లు తిరిగి పడ్డారు. దేవుడి దయవల్ల చెక్కెర నోట్లో వేస్తే లేచి కూర్చున్నారు. మీ సంఘంలో చేసేటట్టయితే ముందే పేర్లు రాసుకుని, బీపీ, షుగర్ ఉన్నవాళ్లని ఉండొద్దని చెప్పండి. ఇంకొకటి, పదో తరగతి పరీక్షలు మార్చి 17న మొదలయ్యాయి. ఆ రెండు వారాలు పిల్లలూ లేరు, పిల్లల తల్లులూ లేరు. చాలా ఏళ్లు శ్రమకాలం పరీక్షల్లోనే పడుతుంది, దానికి చేసేదేం లేదు.

మొదటి పది రోజులూ ప్రార్థనలు బ్రహ్మాండంగా జరిగాయి, అదే చిక్కు. "ప్రభువా మేము పాపులం, పురుగులం, ధూళిమయం" అని గొంతు పగిలేలా అరిచేవాళ్లం. కన్నీళ్లు కూడా వచ్చేవి. పదకొండో రోజు పాస్టరుగారు అడిగారు. "రోజూ పాపులమంటున్నాం. ఏ పాపం అండీ? ఒక్కటి పేరు పెట్టి చెప్పండి." దాంతో గుళ్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. పాపిని అని చెప్పుకోవడం మాకు పుట్టుకతో వచ్చింది. ఫలానా రోజు, ఫలానా మనిషికి, ఫలానా పని చేశానంటే మాత్రం నోరు పెగలదు.

ఆ రాత్రే ఆయన బ్రిటన్‌లోని వేల్స్‌లో వచ్చిన ఉజ్జీవం గురించి చెప్పారు. 1904లో ఇవాన్ రాబర్ట్స్ అని గనుల్లో పనిచేసిన 26 ఏళ్ల కుర్రాడు జనానికి చెప్పిన మొదటి షరతు, తెలిసిన ప్రతి పాపాన్నీ ఒప్పుకోవాలని. అక్కడ జనం ఏళ్లనాటి బాకీలు తీర్చుకున్నారట. మరుసటి ఏడాదికల్లా ఆ కబురు మన ఈశాన్యంలోని ఖాసీ కొండలకీ, మహారాష్ట్ర కేడ్గావ్‌లో పండిత రమాబాయి ముక్తి మిషన్‌కీ చేరిందట. బాకీలు అనగానే వెనక వరసలో ఒకాయన కదిలాడు. మర్నాడు పొద్దున్నే మా ఇంటి గేటు దగ్గర నిలబడి 2,500 చేతిలో పెట్టాడు. ఏమిటంటే గుమ్మడికాయ.

కోత పండుగలో గుడికి కానుకగా వచ్చినవాటిని వేలంపాట వేస్తాం. గుమ్మడికాయ, నాటుకోడి, మొదటి కంకులు. పౌరుషం కొద్దీ పాడతారు, చప్పట్లు కొడతాం, కాయ ఇంటికి తీసుకెళ్లి కూర వండుకుంటారు, డబ్బులు మాత్రం రావు. ఆయన 2019లో పాడిన కాయ అది. "మాస్టారూ, ఆ కూర బాగోలేదు కూడా" అన్నాడు. నవ్వానుగానీ నాకు వణుకు పుట్టింది. ఆ వారంలో వేలంపాటల పాత బాకీలే 46,300 వసూలయ్యాయి. గుడి వంటసామాను కూడా ఒక్కొక్కటే తిరిగొచ్చింది: పదకొండు స్టీలు కంచాలు, ఒక జంపఖానా, రెండు కుర్చీలు, ఒక గంటె. కంచాలు ఎవరు తెచ్చారో తెలియదు, తెల్లారేసరికి గుడి మెట్ల మీద ఉన్నాయి. ఖర్చు ఎంతని అడిగారు కదా, నలభై రోజులకీ పాలు, టీపొడి, శొంఠి, బెల్లానికి 3,200 అయింది. ఆటోకి 1,400. జెరాక్సులు నాలుగు రూపాయలు. అంతే.

ఒక దెబ్బ కూడా తగిలింది. మూడో వారంలో ఒక గృహ కూడికలో ఒక కోడలు లేచి, అత్తగారి మీద తనకున్న కోపం, ఆ కోపంలో తను చేసిన పని చెప్పి ఏడ్చింది. తెల్లారేసరికి వీధి కుళాయి దగ్గర అదే మాట. ఆ అమ్మాయి మళ్లీ ఈస్టర్ దాకా రాలేదు. పాస్టరుగారు అందరి ముందూ క్షమాపణ చెప్పి, ఒక పద్ధతి పెట్టారు. ఒకరికి చేసిన తప్పు ఆ ఒక్కరి దగ్గరే ఒప్పుకోవాలి. నలుగురికీ తెలిసి చేసింది నలుగురిలో ఒప్పుకోవాలి. సంఘం అంతా కలిసి చేసింది సంఘం అంతా కలిసి ఒప్పుకోవాలి. ఇది మొదటి రోజే చెప్పాల్సింది. ఫోన్లు గుడి బయట బుట్టలో పెట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టాం. అప్పటికే యూత్ వాళ్లు ఒక ప్రార్థన లైవ్ పెట్టేశారు.

"సంఘం అంతా కలిసి చేసింది" అన్న మాట దగ్గర ఆయన నావైపు చూశారు. లేక చూశారని నేననుకున్నానో. మూడోసారి అడిగించుకున్నాక, మార్చి 20న, బీరువా తీసి పుస్తకాలు ఇచ్చాను.

మార్చి 22, శనివారం సాయంత్రం. కమిటీ తొమ్మిదిమందిమి. పాస్టరుగారు ఎర్ర గుడ్డ అట్ట పుస్తకం తెరిచి ఒక పేజీలో కాగితం ముక్క పెట్టి నా ముందుకి జరిపారు. "మీ చేతిరాతే కదండీ, మీరే చదవండి."

తేదీ 13-7-2014. నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు. ఆ రోజుల్లో నా రాత బాగుండేది. "సంఘ క్రమశిక్షణను ఉల్లంఘించి అవిశ్వాసిని వివాహమాడినందున ఆమె సభ్యత్వమును రద్దు చేయుటకును, సదరు వివాహమునకు హాజరైన తల్లిదండ్రులను ప్రభువు బల్లకు దూరముగా ఉంచుటకును ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." ప్రభువు బల్ల అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. ఏకగ్రీవముగా అన్న మాట కింద గీత. ఆ గీత నేను స్కేలు పెట్టి గీశాను.

ఆ అమ్మాయి మా సండేస్కూల్లో పెరిగింది, క్రిస్మస్‌కి పిల్లలకి పాటలు నేర్పేది. ఒంగోల్లో ఉద్యోగం చేస్తూ వేరే మతం అబ్బాయిని రిజిస్టర్ పెళ్లి చేసుకుంది. తల్లీతండ్రీ సాక్షి సంతకాలు పెట్టారు. తీర్మానం ప్రవేశపెట్టింది మా సంఘ పెద్ద ఒకాయన. సరిగ్గా నాలుగేళ్లకి, 2018లో, ఆయన కొడుకూ అలాంటి పెళ్లే చేసుకున్నాడు. గుడి ఆవరణలోనే విందు. నేను రెండుసార్లు బిర్యానీ వేయించుకున్నాను. తీర్మానం మాట ఎవరూ ఎత్తలేదు.

అయితే నాకు నిద్ర పట్టనివ్వనిది పెళ్లి కాదు. 2016 నవంబరులో ఆ అమ్మాయి తండ్రి చనిపోయాడు. మా ఊళ్లో ఎవరు పోయినా గుడి గంట కొడతారు. అది విని పొలాల్లోంచి జనం వస్తారు. గంట గది తాళం సెక్రటరీ దగ్గరుంటుంది. వాళ్ల మేనల్లుడు కుర్రాడొకడు సైకిలు మీద వచ్చి, "మాస్టారూ, గంట" అన్నాడు. "కమిటీని అడగాలి నాయనా" అన్నాను. కమిటీ ఆదివారం గానీ కూర్చోదు. ఆయన పోయింది మంగళవారం. అప్పటి పాస్టరు కూడా వెళ్లలేదు. ఇంటివాళ్లే ప్రార్థన చేసుకుని, సమాధుల తోటలో కంచె వారగా, తుమ్మచెట్టు కింద పెట్టుకున్నారు. ఆ తరవాత తల్లి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఇల్లు పడిపోయింది.

చదివాక ఎవరూ మాట్లాడలేదు. మా ప్రాంతంలో ప్రతి ముసలాయనా చెప్పే కథ ఒకటుంది: అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాలంలో, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని. మా తాతముత్తాతలు ఆ లెక్కలో ఉన్నారని మా గర్వం. పాస్టరుగారు అదే గుర్తు చేశారు. "ఆ రోజు ఎంతమంది నీళ్లలో దిగారో మనకి కచ్చితంగా తెలుసు. ఈ పుస్తకాలు చదివితే ఎంతమందిని పంపించేశామో కూడా తెలుస్తోంది. ఇరవై ఏడేళ్లలో పద్నాలుగు మంది. మిగతా వాళ్ల సంగతీ చూద్దాం. మొదట ఇది."

మార్చి 29న మళ్లీ కూర్చున్నాం, రాత్రి 7 నుంచి 11:40 దాకా, ఒకే ఒక్క వాక్యం రాయడానికి. నేను రాసుకొచ్చిన మొదటి ముసాయిదా: "గతంలో జరిగిన కొన్ని పొరపాట్లకు సంఘము చింతించుచున్నది." పాస్టరుగారు పెన్నుతో "జరిగిన" దగ్గర చుక్క పెట్టారు. "జరిగిందా, చేశామా మాస్టారూ? వాన పడటం జరుగుతుంది" అన్నారు. సరే, "చేసిన" అని మార్చాను. తరవాత "పొరపాటు" మీద పడ్డాం. పొరపాటంటే సాంబారులో ఉప్పెక్కువవడం అని ఒక డీకన్. "తప్పు" అందామని ఇంకొకరు. సంఘ పెద్దాయన బల్ల మీద చెయ్యి వేసి, "అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి అని కొరింథీయుల పత్రికలో ఉందా లేదా? ఉంటే మనం క్షమాపణ దేనికి చెప్పాలి? రేపు మీ పిల్లలూ అదే దారి పడితే?" అన్నారు. నిజం చెప్పాలంటే అక్కడున్న సగం మంది మనసులో అదే ఉంది. నాకూ ఇద్దరు ఆడపిల్లలు.

పాస్టరుగారు ఆ వాక్యాన్ని కొట్టేయలేదు. "పెళ్లి గురించి వాక్యం ఏం చెప్తుందో అది అలాగే ఉంటుంది. మనం చేసిందేమిటో రాద్దాం" అన్నారు. అలా మూడు తేలాయి. ఒకటి, ఇద్దరికి ఒకే కొలబద్ద పెట్టకపోవడం. రెండు, కూతురి పెళ్లికి తల్లిదండ్రుల్ని బల్లకు దూరం చేయడం. మూడు, చచ్చిపోయిన మనిషికి గంట కొట్టకపోవడం. మూడోదానికి ఏ మాట వాడాలని ఎవరూ వాదించలేదు. "పాపం" అని రాయమన్నది సంఘ పెద్దాయనే. మొదటిది రాస్తున్నప్పుడు మాత్రం ఆయన లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. మాది రిజిస్టర్డు సంఘం, బైలాస్ ఉన్నాయి. సభ్యుణ్ణి తీసేయడానికి మూడు పేజీల నియమాలున్నాయి, నోటీసు ఎలా ఇవ్వాలి, ఎంతమంది చేతులెత్తాలి అని. పాత తీర్మానం రద్దు చేయడానికీ ఉంది: రెండు ఆదివారాల ముందు నోటీసు, మూడింట రెండొంతుల మంది. క్షమాపణ అడగడానికి ఏమీ లేదు. చివరికి అజెండాలో "ఇతర అంశములు" కింద రాశాను. నోటీసు మార్చి 30న, ఏప్రిల్ 6న చదివాం. జనరల్ బాడీ ఏప్రిల్ 13న, ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారం.

ముందు తీర్మానం చేసి వెళ్దామా, వెళ్లొచ్చి తీర్మానం చేద్దామా అని ఒక గంట. అర్పణ బలిపీఠం దగ్గర విడిచి మొదట వెళ్లి సమాధానపడమని మత్తయి సువార్తలో ఉంది కాబట్టి మొదట వెళ్లాల్సిందే అని తేలింది. ఆ ఏప్రిల్ 6 మొదటి ఆదివారం, మాకు బల్లారాధన. పాస్టరుగారు బల్ల పరిచి, తెల్ల గుడ్డ తీయకుండానే ఆశీర్వాదం చెప్పి పంపేశారు. నలభై ఎనిమిదేళ్ల నా వయసులో మా గుళ్లో మొదటి ఆదివారం బల్ల లేకపోవడం అదే మొదలు. కొందరికి కోపం వచ్చింది.

అంతకుముందు, మార్చి 31న నేనే ఫోన్ చేశాను. ఆమె భర్త ఎత్తాడు. ఎవరో చెప్పాను. కాసేపాగి, "చెప్తానండీ" అని పెట్టేశాడు. మూడు రోజులు ఏమీ లేదు. ఆ మూడు రోజులూ ఫోన్ మోగితే చాలు, క్లాసులో కూడా టెన్షన్. ఏప్రిల్ 3 రాత్రి మెసేజ్: "బుధవారం 11కి రండి. నలుగురికంటే ఎక్కువ వద్దు."

ఏప్రిల్ 9. పాస్టరుగారు, నేను, ఒక డీకన్, స్త్రీల సమాజం ప్రెసిడెంటు. ఆవిడ ఆ అమ్మాయికి సొంత పిన్ని, తల్లికి చెల్లెలు. పదకొండేళ్లుగా అక్కాచెల్లెళ్లకి మాటల్లేవు. ఆటో ఎక్కేముందు నేను పళ్లు కొందామన్నాను. ఒట్టి చేతుల్తో ఎలా వెళ్తాం? పాస్టరుగారు వద్దన్నారు. "చేతులూపుకుంటూనే వెళ్దామండీ. పళ్లు పట్టుకెళ్తే ఆ అమ్మాయి మర్యాద కోసమైనా తీసుకోవాల్సొస్తుంది." దారి పొడుగునా పిన్నిగారు ఆటో కమ్మీ పట్టుకుని బయటికే చూస్తూ కూర్చున్నారు.

గేటు తీసింది భర్తే. కూర్చోమని మంచినీళ్లిచ్చాడు. గోడకి వాళ్ల దేవుడి పటమూ ఉంది, పక్కనే మా గుడి యాభయ్యేళ్ల పండుగ నాటి ఫోటో ఉంది. అందులో వాళ్ల నాన్న రెండో వరసలో నిలబడి ఉన్నాడు, నా పక్కన. ఆమె లోపల్నించి చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గరే ఆగింది. పాస్టరుగారు మాట్లాడతారని చూశాను. ఆయన నేల చూస్తున్నారు. ఆయనకి ఇందులో వాటా లేదు, మాట్లాడాల్సింది మేము.

"అమ్మా" అన్నాను. ఆ తరవాత ఏం అనాలో మూడు రోజులు కాగితం మీద రాసుకున్నది ఒక్కటీ గుర్తు రాలేదు.

"అన్నయ్యా, ఆ రోజు నువ్వు రాస్తున్నావు" అంది. "నేను గుడి బయట కిటికీ దగ్గరే ఉన్నా. ఎన్ని చేతులు లేచాయో లెక్కపెట్టలేదు. మా పిన్ని చెయ్యి లేస్తుందా లేదా అని ఒక్కటే చూశా."

పిన్నిగారు ఏమీ అనలేదు. లేచి పక్కగదిలోకి వెళ్లారు. మంచం మీద అక్క ఉంది. మంచం దగ్గర నేల మీద కూలబడి, మంచం కోడు పట్టుకున్నారు. అక్క చాలాసేపు అటువైపే తిరిగి పడుకుంది. తరవాత చెయ్యి వెనక్కి చాచి, చూడకుండానే, చెల్లెలి తల మీద వేసింది. మేం ముగ్గురం ముందుగదిలో ఖాళీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నాం.

గంట సంగతి నేను చెప్పాను, తాళం నా జేబులో ఉందని చెప్పాను. ఆమె ముఖం అప్పుడు మారింది. అది ఆమెకి తెలియదు, పాస్టరు ఒప్పుకోలేదనుకుంది ఇన్నాళ్లూ. నన్ను తిడితే బాగుండుననిపించింది. "క్షమించాను" అని అనలేదు, మేమూ అడగలేదు. రెండు అడిగింది. ఆ రోజు తీర్మానం మైకులో చదివారు కాబట్టి ఇప్పుడు రాసింది కూడా మైకులోనే చదవాలి. రెండు పేజీలూ జెరాక్స్ కావాలి. వాట్సాప్‌లో పెడతానంటే వద్దంది, కాగితం కావాలంది.

ఏప్రిల్ 13, శ్రమకాలం మొదలై సరిగ్గా నలభయ్యో రోజు. పిల్లలు ఈత మట్టలు పట్టుకుని ఊరేగింపు చేసి వచ్చాక జనరల్ బాడీ. 64 మంది. మొదట 2014 పేజీ మైకులో చదివాను, గీత గీసిన మాటతో సహా. తరవాత కొత్తది. పాత పేజీని చించొద్దు, కొట్టేయొద్దు, అలాగే ఉంచి కొత్త పేజీలో రాయాలని ముందే అనుకున్నాం. ఓటు దగ్గరికొచ్చేసరికి ఒక ముసలమ్మ లేచి, "ఈసారి చేతులొద్దయ్యా. ఆ రోజు పక్కవాళ్లెత్తారని నేనూ ఎత్తా. ఒక్కొక్కళ్లే రమ్మనండి" అంది. అలా ఒక్కొక్కరే వచ్చి సంతకం పెట్టారు. వేలిముద్రల ప్యాడు కోసం రేషన్ డీలరు ఇంటికి కుర్రాణ్ణి పంపాం. గంటా నలభై నిమిషాలు పట్టింది. బయట పిల్లలు మట్టలతో కత్తియుద్ధం చేసుకుంటున్నారు. 61 మంది పెట్టారు. సంఘ పెద్దాయన పెట్టలేదు. "నేను దేవుడి దగ్గర చూసుకుంటా" అని వెళ్లిపోయారు. ఆదివారం ఇప్పటికీ వస్తారు, ముందు వరసలోనే కూర్చుంటారు.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం. సిలువ మీది ఏడు మాటల్లో మొదటిది ప్రతి ఏడూ సెక్రటరీ చెప్పడం ఆనవాయితీ. వీరేమి చేయుచున్నారో వీరెరుగరు అన్న మాట. నేను చెప్పలేనన్నాను. మాకు ఎరుకే. అది యూత్ కుర్రాడొకడికి ఇచ్చారు, బాగానే చెప్పాడు.

ఈస్టర్‌కి ముందు సమాధులకి సున్నం వేస్తాం కదా, ఆయన సమాధి చుట్టూ తుమ్మకంప కొట్టించి సున్నం వేయించాం, ఆమెని అడిగాకే. "పేరు మాత్రం రాయొద్దు, నేనొచ్చి రాయించుకుంటా" అంది. తెల్లవారుజామున సమాధుల తోట ఆరాధనకి వెళ్లేముందు ఆయన పేరున గంట కొడదామని కొందరు అన్నారు. నాకైతే వెంటనే వెళ్లి తాడు పట్టుకోవాలనిపించింది. పాస్టరుగారు తల్లిని అడగమన్నారు. ఫోన్‌లో ఆవిడ, "ఇప్పుడెందుకయ్యా, ఎవరు రావాలని" అంది. కొట్టలేదు. కొవ్వొత్తి మాత్రం పిన్నిగారు వెలిగించారు, గాలికి రెండుసార్లు ఆరిపోతే మళ్లీ వెలిగించారు.

హాజరు గురించి అడుగుతున్నారు. ఈస్టర్‌కి 140, అది ఎప్పుడూ ఉండేదే. ఆ తరవాత ఆదివారాలు 80, 85. హైవే షెడ్డుకి వెళ్లిన కుర్రాళ్లు ఎక్కువమంది అక్కడే ఉన్నారు. పుస్తకంలో మిగిలిన పదముగ్గురిలో నలుగురు చనిపోయారు, ఇద్దరి అడ్రసు దొరకలేదు. మిగతా ఏడుగురిలో ముగ్గురి దగ్గరికి వెళ్లొచ్చాం. ఒకాయన గేటు తీయలేదు.

జూన్ 1, మొదటి ఆదివారం. ఏప్రిల్‌లో ఆగిన బల్ల మే నుంచి మళ్లీ మొదలైంది. పాట అవుతుండగా తల్లీకూతుళ్లు వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడకూడదని పాస్టరుగారు ఎప్పుడో చెప్పి ఉంచారు, అయినా అందరం చూశాం. నిబంధన చదివాక ట్రే వెనక్కి వెళ్లింది. తల్లి చిన్న గ్లాసు తీసుకుంది, చెయ్యి వణికి చీర మీద కాస్త ఒలికింది. కూతురు ట్రే పట్టుకుని, తను తీసుకోకుండా పక్కవాళ్లకి అందించింది.

అయ్యాక బయట వేపచెట్టు కింద కవరు ఇచ్చాను. విప్పి రెండు కాగితాలూ చూసింది. రెండోదాంట్లో పిన్ని సంతకం ఎక్కడుందో వేలు పెట్టి వెతికింది. మడిచి బ్యాగులో పెట్టుకుని, "ఒంగోలు బస్సు ఎన్నింటికన్నయ్యా?" అంది.

"12:40" అన్నాను.

"అమ్మ నడవలేదు, సమాధుల తోటకి ఆటో వస్తుందా?"

వస్తుందన్నాను.